ఇనుప రేణువులు, చిలకమ్మ కాలేయం

మీరు చేరబోయే ఈ రంగం గురించి మీకు ఇంతవరకూ చూపించినవన్నీ సీసాలో జరిగినవి. మనిషి ఒంట్లో జరిగినవి కావు. ముప్పై ఏళ్ళకు పైగా ఆ సీసాలు నింపి, ఊపి, పెద్దమనుషులకు చూపించి రిటైరైనదాన్ని కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుందనుకుంటాను.

మొన్న చలికాలంలో విశాఖపట్నంలోని మా పాత ఇన్‌స్టిట్యూట్ నుంచి ఇద్దరు కొత్త పరిశోధకులు అరకు వచ్చారు. కాఫీ తోటలు చూసి, ఫొటోలు దిగి, పనిలో పనిగా నన్నూ చూసిపోదామని ఇంటికొచ్చారు. అయస్కాంత రేణువుల మీద పనిచేయబోతున్నారట. ఏవైనా సలహాలు చెప్పమన్నారు. టీ ఇచ్చి పంపించాను. చెప్పాల్సింది ఒక టీ అయ్యేలోగా తేలేది కాదు. అందుకే వాళ్ళలాగే కొత్తగా చేరబోయే మీ అందరికీ రాస్తున్నాను.

నా హోదాలూ, నాకిచ్చిన శాలువాలూ ఇందులో ఉండవు. శాలువాలు ఇక్కడి చలికి బాగానే పనికొస్తున్నాయి. అంతకుమించి వాటి గురించి చెప్పడానికి ఏమీ లేదు.

మేం చేసిన వస్తువు

మధ్యలో కంటికి కనబడని ఇనుప ఆక్సైడ్ తునక. దాని చుట్టూ సిలికా పొర. ఆ పొర నిండా తేనెపట్టులాగా రంధ్రాలు. రంధ్రాల్లో మందు. మధ్యలో ఇనుము ఉంది కాబట్టి ఎం.ఆర్.ఐ. స్కాన్‌లో అది చేరిన చోటల్లా నల్లగా కనబడుతుంది. బయట అయస్కాంతం పెడితే అటువైపు కదులుతుంది. రోగం ఎక్కడుందో చూపించేదీ అదే, అక్కడికి మందు మోసుకెళ్ళేదీ అదే. వినడానికి ఎంత బాగుందో చూశారా? నేనూ అలాగే విని చేరాను.

మా మొదటి బాస్‌కు ఒక సీసా ఉండేది. కాఫీ డికాషన్ రంగులో ద్రవం. ఎవరైనా పెద్దవాళ్ళు లాబ్‌కు వస్తే ఆ సీసా పక్కన అయస్కాంతం పెట్టేవాడు. నిమిషంలో గోధుమరంగంతా ఒక గోడకు చేరి, మిగతా నీళ్ళు తేటగా అయిపోయేవి. చప్పట్లు. ఒక మంత్రిగారైతే మళ్ళీ చెయ్యమని అడిగి మరీ చూశారు.

సీసాలో నీళ్ళు కదలవు. నరంలో రక్తం ఆగదు. ఈ మాత్రం తేడా గుర్తు చేద్దామని, చేరిన రెండో ఏడు నేను సన్నటి గొట్టంలో పంపుతో రక్తం పారించి, గొట్టం పక్కన అదే అయస్కాంతం పెట్టాను. రక్తం మాంసం కొట్టునుంచి తెచ్చిన మేకది. రేణువుల్లో చాలా భాగం అయస్కాంతాన్ని పలకరించకుండా దాటిపోయాయి. అయస్కాంతాన్ని నాలుగు వేళ్ళ దూరం జరిపితే ఆ కాసినీ ఆగలేదు. మనిషి కాలేయమో ఊపిరితిత్తో చర్మం కింద అంతకంటే లోతులోనే ఉంటుంది.

బాస్ ఆ గ్రాఫు చూసి, పంపు వేగం తగ్గించమన్నాడు. ఎంత తగ్గించాలని అడిగాను. రేణువులు ఆగేంత అన్నాడు.

తగ్గించాను. ఆ వేగంతో రక్తం పారే మనిషిని నేనింతవరకూ చూడలేదు. చూసినా బతికించుకోలేం. కానీ ఆ గ్రాఫు అచ్చయింది, కింద నా పేరుతో సహా.

సబ్బు

ఇది నా తప్పు. ఇంకొకరి మీద పెట్టే వీలు లేదు.

సిలికాలో రంధ్రాలు వాటంతటవి రావు. ముందు ఒక రకం సబ్బు అణువుల్ని కలుపుతాం. సిలికా వాటి చుట్టూ గడ్డకడుతుంది. తర్వాత ఆ సబ్బును వేడి ఆల్కహాలుతో కడిగి తీసెయ్యాలి. సబ్బు పోయిన చోటే రంధ్రం మిగులుతుంది. సబ్బు పూర్తిగా పోయేవరకూ కడగాలి, ఒక రోజు కాదు, కొన్ని రోజులు. మా రంగంలో ఇంతకంటే విసుగు పుట్టించే పని లేదు. అందుకే దాని గురించి ఏ సభలోనూ ఎవరూ మాట్లాడరు.

ఒకసారి తనిఖీ బృందం వస్తోందని బాస్ తొందరపెట్టాడు. నేను కడగాల్సినన్ని సార్లు కడగలేదు. ఆ రేణువుల్లో కేన్సర్ మందు నింపి, గాజు పళ్ళెంలో పెంచిన కేన్సర్ కణాల మీద వేశాం. కణాలు ఈగల్లా రాలిపోయాయి. మందు ఒక్కటే వేసినప్పటికంటే మా రేణువులో పెట్టి వేసినప్పుడు బాగా చచ్చాయి. లాబ్‌లో స్వీట్లు పంచారు. నేనూ తిన్నాను.

వ్యాసం పంపేశాక తీరిగ్గా ఒక పరీక్ష చేశాను, ముందే చెయ్యాల్సిన పరీక్ష. మందు పెట్టని ఖాళీ రేణువుల్ని అవే కణాల మీద వేశాను. అవీ అలాగే చచ్చాయి. చంపింది మందు కాదు, నేను కడక్కుండా వదిలేసిన సబ్బు. అది మంచి కణాన్నీ చెడ్డ కణాన్నీ ఒకేలాగ చంపుతుంది.

బాస్‌కు చెప్పాను. ఆయన నా నోట్‌బుక్ తీసుకుని, చాలాసేపు చూసి, ఆ పేజీ దగ్గర వేలు పెట్టి, "ఇది నిన్నెవరు చెయ్యమన్నారు?" అన్నాడు.

ఎవరూ చెయ్యమనలేదని చెప్పాను. అయితే ఇది లేదనుకో అన్నాడు. నేను లేదనుకున్నాను. ఆ వ్యాసం ఇప్పటికీ ఉంది. దాన్ని ఆధారం చేసుకుని ఎవరెవరో ఏవేవో రాస్తున్నారు. ఎవరైనా ఆ ప్రయోగం తిరగచేస్తే ఆ ఫలితం రాదు. రానప్పుడు వాళ్ళు తమ చేతుల్నే అనుమానించుకుంటారు, నా చేతుల్ని కాదు. మీలో ఎవరైనా అలా అనుమానించుకుంటూ ఉంటే, తప్పు మీది కాదని ఇలా చెప్పుకునే అవకాశం నాకు ఇన్నాళ్ళకు దొరికింది.

కొండెక్కిన ప్రాజెక్టు

ఆ బాస్ వెళ్ళాక డైరెక్టర్‌గా వచ్చినాయన ఇంకా తెలివైనవాడు. మా రేణువులకు ఒక జబ్బుంది. ఎక్కడికి పంపినా సగం దారిలో కాలేయం వాటిని మింగేస్తుంది. ఎముకకు పంపినా కాలేయమే, మెదడుకు పంపినా కాలేయమే. ప్రపంచంలో ఈ పని చేసే ప్రతివాడికీ తెలిసిన విషయం ఇది. డైరెక్టర్ దీనికి చికిత్స వెతకలేదు. అయితే కాలేయానికే పంపుదాం అన్నాడు. మా లోపమే మా గమ్యం అయిపోయింది.

కాలేయంలో ఏ జబ్బు? దానికీ జవాబుంది. మా అరకు చుట్టుపక్కల కొండ ఊళ్ళలో సికిల్ సెల్ జబ్బు ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఎర్ర కణాలు కొడవలిలా వంగిపోయి, నరాల్లో ఇరుక్కుని, ఒళ్ళంతా నొప్పులు పెట్టే జబ్బు. కొందరికి మళ్ళీ మళ్ళీ రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంలోని ఇనుము బయటికిపోయే దారి లేక కాలేయంలో పేరుకుంటుంది. ఆ ఇనుమును తీసేసే మందును మా రేణువుల్లో పెట్టి, నెలకొకసారి సూదిద్వారా కాలేయానికి పంపాలన్నది ఆయన పథకం. గిరిజన ఆరోగ్యం పేరు చెబితే నిధులు బేగి వస్తాయని కూడా ఆయన లెక్క.

ఇనుము ఎక్కువైన మనిషి ఒంట్లోంచి ఇనుము తియ్యడానికి ఇనుప రేణువు. ఇప్పుడు రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. అప్పుడు నవ్వలేదు. మోతాదులో ఉండే ఇనుము చాలా తక్కువని ఆయన కాగితం మీద చూపించాడు. ఒక్క మోతాదుకైతే నిజమే. నెలనెలా అన్న మాట ఆ కాగితంలో లేదు.

మా నాన్నది పార్వతీపురం దగ్గర ఊరు. అరకులో కిరాణా కొట్టు పెట్టుకుని నన్ను ఇక్కడే పెంచాడు. ఆ కారణంగా కొండ మనుషులతో మాట్లాడే పని నాకు అప్పగించారు. ఆరోగ్య కేంద్రంలో సమావేశం పెట్టాం. డైరెక్టర్ స్వయంగా వచ్చి సీసా, అయస్కాంతం ఆట ఆడి చూపించాడు. నలభైమంది దాకా వచ్చారు. సంత రోజు కావడంతో కొందరు అల్లం బస్తాలు గుమ్మం దగ్గర దించి, వాటి మీద ఒక కన్నేసి ఉంచి విన్నారు.

అంతా అయ్యాక ఆశా కార్యకర్త పాంగి బుల్లెమ్మ లేచింది. నలభై దాటిన మనిషి. ఆ చుట్టుపక్కల ఏడు ఊళ్ళలో ఎవరికి ఏ జబ్బో, ఎవరికి ఎప్పుడు రక్తం ఎక్కించారో కాగితం చూడకుండా చెబుతుంది. గట్టిగా మాట్లాడదు.

"అయ్యా, నాకో అనుమానం. ఈల్ల ఒంట్లో ఇనుము ఎక్కువైపోనాదని పెద్దాసుపత్రిలో డాక్టరుగారు సెప్పినారు. మీ మందులో కూడా ఇనుమే ఉన్నాదంటన్నారు. మరి ఇనుము మీద మళ్ళీ ఇనుమేటి?"

డైరెక్టర్ నవ్వాడు. ఇది వేరే రకం ఇనుమమ్మా, ప్రత్యేకమైన ఇనుము అన్నాడు. బుల్లెమ్మ ఆయన్ని వదిలేసి నా వైపు తిరిగింది.

"మీరు సెప్పండమ్మా. మీరీ సంతలోనే పెరిగినారు కదా."

చూసి చెబుతానన్నాను. పదిహేనుమంది పీహెచ్‌డీలు కూర్చుని రాసిన ప్రాజెక్టులో ఎవరూ అడగని ప్రశ్న అది. అడిగింది పదో తరగతి చదివిన మనిషి. నేనిచ్చిన జవాబు మాత్రం చూసి చెబుతానని.

స్కాన్

ఇంకా ఎవరికీ ఏదీ ఎక్కించలేదు. మనుషుల మీద పరీక్షకు నైతిక కమిటీ అనుమతి రావాలి. ఈలోగా యంత్రాన్ని సరిచూసుకోవడానికి ముగ్గురికి స్కాన్ తీయాలన్నారు. బుల్లెమ్మ ముగ్గుర్ని తీసుకొచ్చింది. వాళ్ళలో గెమ్మెలి చిలకమ్మ ఒకతె. ముప్పై లోపు వయసు, కాఫీ తోటలో పళ్ళు కోసే పని. చిన్నప్పటినుంచీ రక్తం ఎక్కించుకుంటూనే ఉంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఆమెకు వాంతులైతే జీపు మూడుసార్లు ఆపాం. మూడోసారి రోడ్డు పక్కన కూర్చుని, ఇంకా ఎన్ని మలుపులున్నాయమ్మా అని అడిగింది. సగం కూడా కాలేదని చెప్పలేక, అయిపోవచ్చిందన్నాను.

స్కాన్ తీసిన రేడియాలజీ డాక్టర్ పెద్దాయన. చిలకమ్మ ఫిల్మును వెలుతురుకు పెట్టి, మీ రేణువులు ఎప్పుడు ఎక్కించారని నన్నడిగాడు. ఇంకా ఎక్కించలేదన్నాను. ఆయన మళ్ళీ ఫిల్ము చూసి, అయితే ఇదేమిటన్నాడు.

కాలేయం బొగ్గులా ఉంది. మా రేణువులు చేరితే ఎలా కనబడాలని ఇన్నేళ్ళు కలలు కన్నామో అంత నల్లగా ఉంది, ఏ రేణువూ లేకుండానే. అది ఏళ్ళ తరబడి ఎక్కించిన రక్తంలోని ఇనుము. మిగతా ఇద్దరిదీ కొంచెం అటూ ఇటూగా అంతే.

డైరెక్టర్‌కు ఫిల్ములు చూపించి, బుల్లెమ్మ అడిగింది సబబేనని చెప్పాను. మర్నాడు ప్రాజెక్టు కాగితాల్లో ఒక మార్పు వచ్చింది. మొదట రాసుకున్న ప్రకారం సూదికి ముందొక స్కాన్, తర్వాతొక స్కాన్. కొత్త కాగితంలో సూదికి ముందు స్కాన్ లేదు. రోగులు ఘాట్ రోడ్డు మీద రెండుసార్లు ప్రయాణం చేయలేరట, వాళ్ళ సౌకర్యం కోసం తీసేశారట. సూది తర్వాత కాలేయం నల్లగా కనబడితే రేణువులు చేరినట్టు లెక్క.

చిలకమ్మ వాంతుల సంగతి ఆయనకు చెప్పింది నేనే. దాన్ని ఇలా వాడుకుంటాడనుకోలేదు.

నేను గదిలోకి వెళ్ళి అడిగాను. ఆయన కోప్పడలేదు. "మేడమ్, మీకింకా మూడేళ్ళు సర్వీసుంది. సుఖంగా వెళ్ళండి," అన్నాడు.

సబ్బు పేజీ మీద ఆనాటి బాస్ పెట్టిన వేలు అప్పుడు నాకు గుర్తొచ్చింది. ఆనాడు లేదనుకున్నందుకు చచ్చినవి గాజు పళ్ళెంలో కణాలు. ఇప్పుడు ఆ పళ్ళెం స్థానంలో ఘాట్ రోడ్డు పక్కన కూర్చుని నన్ను మలుపులు లెక్క అడిగిన మనిషి ఉంది.

కమిటీ

కమిటీ ముందు మాట్లాడేది డైరెక్టర్. స్లైడ్లు మార్చేది నేను. ముప్పై ఏళ్ళ అనుభవానికి ఇచ్చిన పని అది. కమిటీకి అధ్యక్షురాలు ఒక లాయరు, పెద్దావిడ. డైరెక్టర్ మాట్లాడటం అయ్యాక ఎవరికైనా ప్రశ్నలున్నాయా అని అడిగింది. కుర్చీల్లో ఉన్నవాళ్ళకు లేవు. నాకుందని చెప్పాను.

అందరూ తిరిగి చూశారు. చిలకమ్మ ఫిల్మును సంచీలోంచి తీసి ఆవిడ ముందు పెట్టాను. ఇది ఏమీ ఎక్కించకముందు తీసిందనీ, సూది తర్వాత ఎలా ఉంటే మేం నెగ్గినట్టో ఇప్పటికే అలా ఉందనీ చెప్పాను. ముందు స్కాన్ ఎప్పుడు తీసేశారో, ఎవరు తీసేశారో కూడా చెప్పాను.

డైరెక్టర్, మేడమ్ ఈ మధ్య ఆరోగ్యం బాగాలేక కొంచెం ఆందోళనలో ఉన్నారని కమిటీకి వివరించాడు. నాకు ఆ రోజు జలుబు కూడా లేదు.

అధ్యక్షురాలు నన్నేమీ అడగలేదు. ఫిల్మును పక్కనున్న డాక్టర్‌కు అందించి, డైరెక్టర్‌ను ఒకే ప్రశ్న అడిగింది.

"మీ పద్ధతిలో ఈమెకు మంచినీళ్ళు ఎక్కించినా, మందు చేరిందనే తేలుతుందా?"

ఆయన సాంకేతికంగా చూస్తే అని మొదలుపెట్టాడు. ఆవిడ అవునా కాదా అంది. ఆయన మళ్ళీ సాంకేతికంగా అన్నాడు. ఆవిడ ఫైలు మూసేసింది.

అనుమతి రాలేదు. డైరెక్టర్‌కు ఏమైందో రాయను. ఇంకా పెద్ద కుర్చీకి వెళ్ళాడని ఊహించుకోండి, మీ ఊహ తప్పదు. నన్ను కెమికల్స్ స్టోర్‌కు మార్చారు. చివరి మూడేళ్ళూ సీసాల మీద చీటీలు అంటించాను. లాబ్‌లో నాతో ఇరవై ఏళ్ళు మధ్యాహ్నం కలిసి తిన్నవాళ్ళు కాంటీన్‌లో బల్ల మార్చుకున్నారు. వాళ్ళలో ఒకాయన మాత్రం మెట్ల దగ్గర ఆపి, మంచి పని చేశారని చెవిలో చెప్పి, ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగి చూసుకుని వెళ్ళిపోయాడు. ఆ మెచ్చుకోలు కంటే బల్ల మార్చుకున్నవాళ్ళే నయమనిపించింది.

మాత్ర

ఇంత చదివాక మీకు ఒక సందేహం రావాలి. రాకపోతే మీరు ఈ ఉద్యోగానికి సరిగ్గా సరిపోతారు. మరి ఆ నల్లటి కాలేయం సంగతేమిటి?

నాకూ ఆ సందేహం వెంటనే రాలేదు. కమిటీలో గెలిచానన్న పొంగులో రెండు వారాలు ఉన్నాను. ఆ తర్వాత బుల్లెమ్మ ఫోన్ చేసింది. సూది లేదని తెలిసిందమ్మా, మంచిదే, మరి ఆ పొటోలో ఏటి కనపడినాదో చిలకమ్మకు ఎవులూ సెప్పలేదేటి అని అడిగింది.

ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆమె కాలేయాన్ని కమిటీ ముందు సాక్ష్యంగా పెట్టాను కానీ ఆమెకు చూపించలేదు. డైరెక్టర్ దాన్ని దాస్తే, నేను దాన్ని వాడుకున్నాను. తేడా ఉందని నాకు నేను చెప్పుకుంటాను. ఎంత ఉందో కచ్చితంగా చెప్పలేను.

చిలకమ్మకు ఇవ్వడానికి ఆ ఫిల్మును అడిగితే, అది ఇన్‌స్టిట్యూట్ ఆస్తి అని ఆఫీసువాళ్ళు అడ్డం చెప్పారు. బుల్లెమ్మ చిలకమ్మను వెంటబెట్టుకుని కొండ దిగి వచ్చి, ఆఫీసు వరండాలో కూర్చుని, కాలేయం ఈ మనిషిది, పొటో మీదెలాగవుతాదని పొద్దుటినుంచీ ఒకే మాట అడిగింది. మధ్యాహ్నానికి కాపీ ఇచ్చారు. ముగ్గురం అది పట్టుకుని ప్రభుత్వాసుపత్రిలో రక్త వ్యాధుల డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. ఆ డాక్టరమ్మ చూసి, రక్త పరీక్ష చేయించి, ఒక మాత్ర రాసింది. రోజూ పొద్దున్నే నీళ్ళలో కరిగించి తాగే మాత్ర. ఇనుమును మెల్లగా బయటికి పంపుతుంది. ఎప్పటినుంచో ఉన్న మందే. దానికి రంధ్రాలూ లేవు, అయస్కాంతమూ లేదు. మూత్రపిండాలకు ఇబ్బంది రాకుండా మధ్యమధ్య పరీక్ష చేయించుకోవాలి. అప్పుడప్పుడూ మాత్రలు అయిపోతాయి. అప్పుడు బుల్లెమ్మ వెళ్ళి ఏదో ఒక వరండాలో కూర్చుంటుంది.

మిగతా ఇద్దరిలో ఒకాయనకూ అదే మాత్ర ఇచ్చారు. ఇంకొకామె మేం వెతుక్కుంటూ వెళ్ళేసరికి చనిపోయింది. ఇనుము వల్లేనని ఎవరూ చెప్పలేదు. కాదనీ చెప్పలేదు. ఆ రెండు వారాల్ని నేను ఎలా తిప్పి చూసినా బాగా కనబడవు.

రిటైరై ఇక్కడికి వచ్చేశాక, పోయిన కాఫీ కోతల కాలంలో చిలకమ్మకు మళ్ళీ స్కాన్ తీశారు. కాలేయం ఇంకా మసకగానే ఉంది కానీ బొగ్గులా లేదు. ఆ ఫిల్ము చూపించడానికి మా ఇంటికొచ్చింది. గుమ్మంలో కూర్చుని, సంచీలోంచి మాత్రల అట్ట తీసి, ఇది మీరు సేసిన మందేనా అమ్మా అని అడిగింది.

కాదన్నాను. మేం చేసినదేమిటో, అది ఎందుకు పనికిరాలేదో, కాలేయం దాన్ని ఎలా మింగేస్తుందో వీలైనంత సులువుగా చెప్పాను. శ్రద్ధగా విన్నది.

"అది పని సెయ్యదని మీకెప్పుడు తెలిసినాదమ్మా?"

"చేరిన రెండో ఏడు," అన్నాను.

చిలకమ్మ మాత్రల అట్ట జాగ్రత్తగా మడిచి సంచీలో పెట్టుకుంది. తోటలో పళ్ళు పండి రాలిపోతన్నాయి, ఎల్లాలని లేచింది.